పక్క పడవకి చోటు: చెన్నపట్నం సముద్రంలో ఒక పాత మర్యాద

జార్జి టౌన్ తెలుగు కుటుంబాల చరిత్ర అంటే మనం రాసుకునేవి కొన్నే ఉన్నాయి. బేరి తిమ్మప్ప కథ, కన్యకా పరమేశ్వరి గుడి, కొత్వాల్ చావడి, గోవిందప్ప నాయకన్ వీధి కొట్లు, సత్రాలు, పెళ్ళి సంబంధాలు. అన్నీ నేల మీదివే. తంబుచెట్టి వీధి నుంచి తూర్పుగా కాస్త నడిస్తే సముద్రం. మన పెద్దవాళ్ళ సరుకంతా ఆ సముద్రం మీదుగానే వచ్చింది, పోయింది. అయినా మన కథల్లో సముద్రం కనబడదు. ఇంటి గుమ్మం ఎటు పెట్టుకున్నా, మనసు మాత్రం సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నట్టుంది.

ఈసారి సముద్రం వైపు తిరుగుదాం. రాయబోయేది ఓడల గురించి కాదు. చేపల పడవలు ఒకదానికొకటి బాగా దగ్గరగా వచ్చినప్పుడు ఎవరు ఆగాలి, ఎవరు జరగాలి, వలలు చిక్కుపడితే ఎవరేం చెయ్యాలి అన్న మర్యాద గురించి. వినడానికి చిన్న సంగతే. దీని మీదే మన తీరంలో ప్రాణాలు పోయాయి, పడవలు కాలాయి, చట్టాలు పుట్టాయి.

నేను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. చదువంతా కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో వచ్చింది, సెలవల్లో జార్జి టౌన్ అమ్మమ్మగారింట్లో గట్టిపడింది. అందుకని మాట్లాడినట్టే రాస్తాను. మా అమ్మ తరఫు వాళ్ళది తాళ్ళ కొట్టు. కొబ్బరి నార తాళ్ళు, వలలు అల్లే నూలు దారం, గాలాలు, సీసపు గుండ్లు అమ్మేవాళ్ళు. రాయపురం, కాశిమేడు నుంచి, అటు పులికాట్ నుంచి కూడా చేపలవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎక్కువ బేరం అరువే. "వల తెగింది శెట్టిగారూ" అని ఎవరైనా అన్నారంటే పాత బాకీ ఇప్పట్లో రాదు, కొత్త దారం మళ్ళీ అరువియ్యాలి అని అర్థం. మా తాత దీన్ని వ్యాపారం లెక్కలోనే చెప్పేవారు. కానీ ఈ వ్యాసానికి అసలు సూత్రం అందులోనే ఉంది. నీళ్ళలో ఇద్దరు మరీ దగ్గరైతే నష్టం సగం సగం పడదు. ఎవడి వల కదలకుండా నీళ్ళలో ఉందో వాడి మీదే పడుతుంది.

రేవు లేని ఊరు

1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు కోట కట్టుకోవడానికి ఈ చోటు తీసుకున్నప్పుడు ఇక్కడ రేవు లేదు. ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. మధ్యలో ఉన్న పెద్ద కెరటాలు దాటించడానికి రెండే సాధనాలు. ఒకటి మసూలా పడవ. మేకు ఒక్కటి కూడా లేకుండా పలకల్ని కొబ్బరి నార తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. రెండోది తెప్ప, అరవంలో కట్టుమరం. నాలుగైదు దుంగలు తాడుతో కట్టుకున్నదే పడవ. ఒడ్డుకి రాగానే విప్పి దుంగలు ఆరబెట్టుకోవచ్చు. ఓడలకీ కోటకీ మధ్య ఉత్తరాలు మోసింది కూడా ఈ తెప్పలవాళ్ళే.

తర్వాత ఓడరేవు వచ్చింది. 1875లో శంకుస్థాపన జరిగింది. 1881 తుఫానులో కట్టిందంతా చాలావరకు దెబ్బతింది. మళ్ళీ కట్టారు. 20వ శతాబ్దం మొదట్లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాములో రేవు ముఖద్వారాన్ని తూర్పు నుంచి ఈశాన్యానికి మార్చారు. ఈ గోడలు సముద్రంలోకి చొచ్చుకుపోవడంతో ఒక వింత జరిగింది. తీరం వెంబడి ఉత్తరానికి సాగే ఇసుకకి గోడ అడ్డమయింది. దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన ఇసుక రాక రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూరు తీరాన్ని సముద్రం కోసుకుంటూ పోయింది.

మన కుటుంబాలకి ఓడరేవు అంటే వ్యాపారం పెరగడం. ఉత్తరాన తెప్పలవాడికి ఓడరేవు అంటే తెప్ప లాక్కునే ఇసుక తగ్గడం. ఒడ్డు ఇరుకైతే తెప్పలు దగ్గర దగ్గరగా దిగుతాయి, ఒకే దారిన బయల్దేరుతాయి. ఈ ఇరుకు చేపలవాళ్ళు తెచ్చుకున్నది కాదని గుర్తుంచుకోవాలి.

నీళ్ళ మీద ఎవరి చోటు

నేల మీద పొలానికి గట్టు ఉంటుంది. నీళ్ళ మీద గట్టు ఎలా? చేపలవాడికి ఒడ్డే గట్టు. ఒడ్డు మీద రెండు గుర్తులు ఒక వరసలోకి తెచ్చుకుంటాడు, ఇంకో పక్క మరో రెండు గుర్తులు కలుపుకుంటాడు. ఆ రెండు గీతలు కలిసినచోట అడుగున రాతిదిబ్బ ఉందని వాడికి తెలుసు. గుడి గోపురం, చర్చి శిఖరం, తాటితోపు ఏదైనా గుర్తే. మన జార్జి టౌన్‌లో ఇలాంటి ఎత్తైన గుర్తు హైకోర్టు గోపురం. 1894 నుంచి 1977లో మెరీనా లైట్‌హౌస్ వచ్చేదాకా ఊరి దీపస్తంభం దాని మీదే ఉండేది. లోపల మనవాళ్ళు ఆస్తి తగాదాలకి తిరుగుతుంటే, బయట సముద్రంలోకి అదే కట్టడం దారి చూపించేది.

మంచి రాతిదిబ్బ ఒక్కడికే తెలిసి ఉండదు. అక్కడ నలుగురు చేరతారు. గాలం వేసేవాళ్ళ లెక్క ఇది: ముందు వచ్చినవాడు లంగరేసిన చోటు వాడిది. తర్వాత వచ్చినవాడు నీటి వాలు ఎటుందో చూసుకుని, తన గాలపు దారం వాడి దారం మీదికి కొట్టుకుపోకుండా పక్కకి తప్పుకుని లంగరెయ్యాలి. వాడికి చేప పడుతోందని కేకేసుకుంటూ తెప్ప దగ్గరికి తోసుకురాకూడదు. పెద్ద చేప పడి ఒకడు దారం లాగుతుంటే పక్కవాడు తన దారం పైకి తీసుకుని దారివ్వాలి.

వలలకి లెక్క వేరు. నీటితో పాటు తేలుతూ పోయే పొడుగాటి వలలైతే అందరూ ఒకే దిక్కున, ఒకదానికొకటి అడ్డం రాకుండా వెయ్యాలి. ముందు వేసినవాడి వల ఎదట అడ్డంగా వేస్తే వాడికొచ్చే చేప నువ్వు కోసుకున్నట్టే. పైగా వాలు మారితే రెండు వలలూ చుట్టుకుంటాయి. రాత్రయితే వల చివర దీపం ఉండాలి. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలని, మన కోస్తాలో అలివి వల అంటారు, అర్ధచంద్రంలా వేసి రెండు కొసలూ ఒడ్డు నుంచి లాగుతారు. ఆ చుట్టు లోపలికి ఇంకో పడవ పోకూడదు. సంచి ఒడ్డుకి చేరాకే తర్వాతివాళ్ళ వంతు.

ఇంత చేసినా వలలు చిక్కుపడతాయి. అప్పుడు మర్యాద ఇంకా ముఖ్యం. కత్తి తియ్యకూడదు. రెండు పడవలూ దగ్గరికొచ్చి కలిసి విప్పుకోవాలి. ఏ వలలో ఉన్న చేప ఆ వలవాడిదే. తప్పనిసరై కొయ్యాల్సి వస్తే వల యజమానికి చెప్పి కొయ్యాలి. చెప్పకుండా కోసినవాడు ఒడ్డుకొచ్చాక పంచాయతీలో కూర్చోవాలి.

ఈ పంచాయతీ మాటకి బలం ఉండేది. ప్రతి కుప్పానికీ పెద్దలుంటారు. అందరికీ నష్టం తెచ్చే వలని ఊళ్ళో వాడకూడదని కట్టడి చేసే అధికారం వాళ్ళకుంటుంది. నెల్లూరు తీరంలో ఇలాంటి కట్టుబాటుని దురాయి అంటారు. దురాయి వేశాక దాటినవాడికి జరిమానా, కొన్నిచోట్ల వెలి కూడా. మంచిదని నేను అనడం లేదు. సముద్రం మీద మర్యాద తప్పితే నేల మీద దానికి ఖరీదు ఉండేదని చెబుతున్నాను.

ఇది ఇంతకాలం ఎందుకు నిలిచింది? నాకు మూడు కారణాలు కనబడుతున్నాయి. ఒకటి, రెండు తెప్పల వేగం ఒకటే. తెడ్డు, తెరచాప, గాలి. ఒకడు తోసుకువస్తే ఇంకోడు కూడా తోసుకురాగలడు. రెండు, ఇద్దరి వలలూ తెగేవే. ఈ రోజు నాది తెగితే రేపు నీది. మూడు, సాయంత్రానికి ఇద్దరూ ఒకే ఇసుక మీద దిగాలి. మొహాలు చూసుకోవాలి, పిల్లలకి సంబంధాలు కలుపుకోవాలి. మర్యాద అంటే మంచితనం ఒక్కటే కాదు. ఇద్దరికీ పోగొట్టుకునేది ఉండాలి.

పులికాట్ పాడు

ఈ మర్యాదని పూర్తి ఏర్పాటుగా మార్చుకున్న చోటు మనకి దగ్గర్లోనే ఉంది, పులికాట్. చిలక తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. 1613లో డచ్చివాళ్ళు గెల్డ్రియా కోట కట్టుకున్న పళవేర్కాడు దీని ఒడ్డే. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక, 1960లో సరిహద్దులు సర్దాక, సరస్సు రెండు రాష్ట్రాల మధ్య పడింది. నీళ్ళలో ఎక్కువ భాగం ఆంధ్ర వైపు, సముద్రానికి తెరుచుకునే ముఖ్యమైన నోరు అరవ వైపు.

రొయ్య ఆ నోటి దారినే వచ్చిపోతుంది. అంటే నోటికి దగ్గర వల కట్టినవాడికి పంట, దూరంగా కట్టినవాడికి మిగిలింది. అందరూ అక్కడికే ఎగబడితే రోజూ కొట్లాటే. అందుకని అక్కడి కుప్పాలవాళ్ళు పాడు అనే పద్ధతి పెట్టుకున్నారు. హక్కున్న కుటుంబాల పేర్లు లెక్కలో ఉంటాయి. ఏ గుంపు ఏ రోజు వెళ్ళాలి, ఏ చోటు ఎవరికి అన్నది చీట్లతో, వంతులతో తేలుతుంది. మంచి చోటు ఈ రోజు నీకు, తర్వాత నాకు. ఎవరూ ఎవరినీ తోసుకోనక్కర్లేదు.

పొగడ్తతో ఆపితే సగమే చెప్పినట్టు. పాడు హక్కు ముఖ్యంగా పట్టణవర్ కులంలోని కుటుంబాలది. సరస్సు మీదే బతికే మిగతావాళ్ళకి, చేత్తో రొయ్యలు ఏరుకునే గిరిజనులకి ఆ చీట్లలో పేరు లేదు. రొయ్యకి ధర పెరిగేకొద్దీ బయట ఉన్నవాళ్ళు మాకూ చోటు కావాలన్నారు. లోపలివాళ్ళకి మర్యాదగా కనబడేది బయటివాళ్ళకి గోడలా కనబడుతుంది. మన వీధుల్లో కూడా ఏ సత్రంలో ఎవరికి పంక్తి అన్న లెక్క ఉండేది కాబట్టి, ఇది మనకి అర్థం కాని సంగతేమీ కాదు.

ఇంకో మాట. నెల్లూరు తీరంలో పట్టపు కులంవాళ్ళు తెలుగు దేశంలో ఉండి ఇంట్లో అరవం కలిసిన భాష మాట్లాడతారు. మనం అరవ దేశంలో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడతాం. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది. సముద్రం మీద గొడవల్ని "తమిళ పడవలు, తెలుగు పడవలు" అని పేపర్లలో చదివినప్పుడు నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. అక్కడ గీత భాషది కాదు. పడవ సైజుది, వల కంటిది.

ఇంజను వచ్చాక

మద్రాసు ప్రభుత్వం చేపల మీద దృష్టి పెట్టింది సర్ ఫ్రెడరిక్ నికల్సన్ కాలంలో. 1907లో ఆయన కింద ఫిషరీస్ శాఖ పని మొదలైంది. 1920ల చివర్లో లేడీ గోషెన్ అనే ట్రాలరుతో ఈ సముద్రంలో లోతు నీళ్ళని పరీక్షించారు. అసలు మార్పు మాత్రం స్వాతంత్ర్యం తర్వాత. 1950ల నుంచి ప్రభుత్వాలే అప్పులిచ్చి మరపడవల్ని ప్రోత్సహించాయి. 1960లలో రొయ్యకి విదేశాల్లో గిరాకీ వచ్చింది. రొయ్య ఎక్కువగా ఉండేది ఒడ్డుకి దగ్గరి బురద నేల మీద. ట్రాలరు వల అడుగున ఈడ్చుకుంటూ పోయేది. కాబట్టి ట్రాలరు దూరంగా లోతుకి పోకుండా తెప్పలవాడి వాకిట్లోకే వచ్చింది.

ఇందాక చెప్పిన మూడు కారణాలూ ఇక్కడ కూలిపోయాయి. వేగం సమానం కాదు. ఇంజను పడవ వస్తుంటే తెడ్డు పడవ తప్పుకోలేదు. నష్టం సమానం కాదు. ట్రాలరు తేలే వల మీద నుంచి పోతే తెగేది చిన్నవాడి వల, ట్రాలరువాడికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. ఒకే ఇసుక కూడా కాదు. ట్రాలరు జెట్టీకి పోతుంది, తెప్ప ఊరి ఒడ్డుకి. మా తాత కొట్లో "వల తెగింది" అన్న మాట ఎక్కువగా వినబడింది ఈ కాలంలోనే. నైలాను వల నూలు వలకంటే గట్టిదే, ఖరీదూ ఎక్కువే. తెగితే అప్పు కూడా పెద్దదే.

1970లలో మద్రాసు తీరంలో తెప్పలవాళ్ళకీ ట్రాలర్లకీ పెద్ద గొడవలు జరిగాయి. పడవలు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. అప్పుడు పాత మర్యాద ఒక కొత్త రూపం ఎత్తింది. చిన్న పడవలవాళ్ళు గుంపుగా పోయి వల కోసిన ట్రాలర్ని చుట్టుముట్టి తమ ఊరి ఒడ్డుకి తీసుకొచ్చేవాళ్ళు. ఊరి పంచాయతీ, ట్రాలరు యజమానుల సంఘం కూర్చుని వలకి ఇంత అని నష్టపరిహారం తేల్చుకునేవాళ్ళు. డబ్బు కట్టాక పడవ వదిలిపెట్టేవాళ్ళు. డచ్ పరిశోధకుడు మార్టెన్ బావింక్ చెన్నై తీరంలో ఉండి ఈ తగవుల్ని, ఊరి చట్టం, సర్కారు చట్టం పక్కపక్కనే నడిచే తీరుని 2001లో పుస్తకంగా రాశాడు. పట్టుకొచ్చిన పడవ అంటే నాకు అర్థమయింది ఇది: వేరే రేవుకి పోయేవాడిని బలవంతంగానైనా ఒకే ఇసుక మీద దింపి మొహం చూపించమనడం.

1983లో తమిళనాడు సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు, చిన్న పడవలకి వదిలెయ్యాలని అప్పట్లో పెట్టారు. మరపడవలు దానికి అవతలే ఉండాలన్నారు. మరపడవలు తెల్లవారి 5 గంటల తర్వాతే బయల్దేరి రాత్రి 9 లోపు తిరిగి రావాలని కూడా రూల్స్‌లో పెట్టారు. రాత్రి వలలేసేవాళ్ళకి అది రక్ష. ఆంధ్రలో 1994లో ఇలాంటి చట్టమే వచ్చింది, అక్కడ చిన్నవాళ్ళకి వదిలింది 8 కిలోమీటర్లు. 1984కి కాశిమేడు చేపల రేవు పూర్తయింది. దాన్ని కట్టినప్పుడు అనుకున్నన్ని పడవలకంటే ఇవాళ చాలా ఎక్కువ అక్కడ నిలుస్తాయి. శ్రీకాకుళం, నెల్లూరు నుంచి వచ్చి ఆ పడవల్లో పనిచేసే తెలుగువాళ్ళూ ఉన్నారు.

కన్నడ బళ్ళో చదివినవాడిగా ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. దక్షిణ కన్నడ, ఉత్తర కన్నడ తీరంలో రంపణి అనే మహా వల ఉండేది. పదుల మంది కలిసి ఒడ్డు నుంచి లాగేవాళ్ళు, వచ్చినదాంట్లో వాటాలు వేసుకునేవాళ్ళు. 1970ల మధ్యలో పర్స్ సీన్ మరపడవలు వచ్చి, చేపల గుంపుల్ని ఒడ్డుకి రాకముందే చుట్టేశాయి. అక్కడా గొడవలయ్యాయి. కొన్నేళ్ళలో రంపణి దాదాపు మాయమైంది. మంచి మర్యాద ఉన్నంత మాత్రాన బతకలేదు. చట్టం రావడానికి 1986 అయింది, అప్పటికి కాపాడాల్సిన రంపణి ఎక్కువ మిగల్లేదు. తెలుగు, అరవ, కన్నడ తీరాలు మూడింటిలో కథ ఒకటే, తేదీలే వేరు.

గీత ఎవరికి కనబడుతుంది

నా ఉద్యోగంలో ఒక రూల్ కాగితం మీదికొస్తే నేనడిగే మొదటి ప్రశ్న: ఇది పాటించారో లేదో ఎవరు, ఎలా చెక్ చేస్తారు? పాత మర్యాదలో రూల్స్ అన్నీ అక్కడికక్కడ ఇద్దరికీ కనబడేవి. ముందొచ్చిందెవరు, వల ఎటు తేలుతోంది, దీపం ఉందా లేదా. మూడోవాడి అవసరం లేదు. 3 మైళ్ళ గీత అలా కాదు. అది నీళ్ళ మీద కనబడదు. రాత్రిపూట తెప్ప మీద ఉన్నవాడు "ఇది మూడు మైళ్ళ లోపలే" అని ఎలా నిరూపిస్తాడు? చెక్ చెయ్యాల్సిన ప్రభుత్వ బోటు అన్ని చోట్లా ఉండదు.

అలాగని చట్టం దండగ కాదు. ఆ గీత రాకముందు తెప్పలవాడు ట్రాలరువాడిని బతిమాలుకోవాలి, లేదా కొట్టుకోవాలి. గీత వచ్చాక "ఇది నా చోటు" అని అడగడానికి ఆధారం దొరికింది. పంచాయతీలో పరిహారం అడిగే గొంతుకి బలం వచ్చింది. చట్టం మర్యాదని తీసెయ్యలేదు, దాని కింద పునాది వేసింది.

ప్రపంచంలో వేరేచోట్ల కూడా ఇలాగే నడిచింది. 1882లో ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు హేగ్‌లో ఒప్పందం చేసుకున్నాయి. చేపల చోటుకి తర్వాత వచ్చినవాడు అప్పటికే వేట మొదలుపెట్టినవాడికి అడ్డం రాకూడదని అందులో రాసుకున్నారు. మన తెప్పలవాళ్ళ మాటే అది, సంతకాలు మాత్రం రాజ్యాలవి. ఇంకా దగ్గరి పోలిక 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో ఉంది, అవి 1977లో అమల్లోకొచ్చాయి. చేపల పడవలు దగ్గర దగ్గరగా వేటాడుతున్నప్పుడు చూపాల్సిన దీపాలకి వాటిలో ఒక అనుబంధమే పెట్టారు. ట్రాలరు వల దించుతుంటే ఒకదాని మీద ఒకటి రెండు తెల్ల దీపాలు. వల పైకి లాగుతుంటే తెల్ల దీపం కింద ఎర్ర దీపం. వల అడుగున దేనికో తగులుకుంటే రెండు ఎర్ర దీపాలు. నేనేం చేస్తున్నానో పక్కవాడికి తెలియాలి, అప్పుడే వాడు తప్పుకోగలడు. వల చివర లాంతరు కట్టిన తెప్పలవాడికి ఈ సంగతి ఏ నిబంధనా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు

2004 సునామీ తర్వాత సాయంగా వచ్చిన ఫైబరు పడవలు తెప్పల చోటు తీసుకున్నాయి. ఇప్పుడు చిన్నవాడికీ ఇంజనుంది, జీపీఎస్ ఉంది, చేతిలో ఫోనుంది. గీత ఎక్కడుందో వాడికీ తెలుస్తుంది. నా లెక్కలో ఇది పెద్ద మార్పు. రూల్‌ని చెక్ చేసే సాధనం చిన్నవాడి చేతికొచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు వేటకి పోకూడదు.

అయినా తగవులు ఆగలేదు. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం వాళ్ళు వలల విషయంలో కొట్టుకున్నారు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల గొడవలో పడవలు తగలబడ్డాయి. నెల్లూరు తీరానికి కడలూరు సోనా బోట్లు వచ్చి ఒడ్డు దగ్గర వేటాడుతున్నాయని అక్కడివాళ్ళు పట్టుకోవడం, మాటల మీద వదిలిపెట్టడం చాలాసార్లు జరిగింది. చూస్తే అన్నిచోట్లా పాత సూత్రమే. కంటి సైజు, వేగం, బలం సమానం కానిచోట మర్యాద తెగుతుంది. ఇద్దరూ మళ్ళీ మొహం చూసుకోవాల్సినచోట రాజీ కుదురుతుంది.

పరాయి ఊళ్ళో మూడు నాలుగు వందల ఏళ్ళుగా పక్కవాడితో సర్దుకుని బతికిన కుటుంబాలు మనవి. ముందొచ్చినవాడి చోటు గౌరవించడం, తర్వాత వచ్చినవాడికి కాస్త చోటివ్వడం, చిక్కుపడితే కత్తి తియ్యకుండా కూర్చుని విప్పుకోవడం. ఇవి మనం సముద్రానికి వీపు పెట్టి నేర్చుకున్నామనుకుంటాం. మన వీధి చివర, ఆ నీళ్ళ మీద, అవే లెక్కలు మనకంటే ముందునుంచీ నడుస్తున్నాయి.

ఒక మనవి. మీ ఇళ్ళలో తాళ్ళు, వలలు, ఉప్పు, ఎండుచేపల బేరం చేసిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళ నోట వలల పేర్లు, ఒడ్డు గుర్తుల పేర్లు, తగవు తీర్చేటప్పుడు వాడే మాటలు ఏమైనా ఉంటే రాసి పెట్టండి. అరవంలో ఉన్నా సరే, తెలుగులో ఉన్నా సరే. సముద్రం మీద గట్టు ఉండదు కాబట్టి, ఆ మాటలే దాని గట్లు.